గీతలో మనిషి

“ముఖం యాడ?”

హాల్లోంచి అత్తగారి కేక వినపడగానే వరూధిని చేతిలో కాఫీ గ్లాసుతోనే పరుగెత్తింది. వంటింటి గుమ్మం దగ్గర టక్కున ఆగి, గిర్రున వెనక్కి తిరిగి, ముఖం గోడకు పెట్టేసుకుంది. వేరే రోజైతే ఎవరో ఒకరు పకపకా నవ్వేవాళ్లు. ఆ ఉదయం హూడిలోని ఆ ఇంట్లో నవ్వే స్థితిలో ఎవరూ లేరు.

టీవీలో కరగ వస్తోంది మరి. సాయంత్రం జరిగే ద్రౌపతమ్మ కరగ ఉత్సవాన్ని ప్రత్యక్షంగా చూపిస్తామని ఛానెల్ వాళ్లు పొద్దుట్నుంచీ ఊదరగొడుతున్నారు. మొన్న పచ్చికరగ నాడు, అంటే అసలు కరగకు ముందు జరిగే తొలి ఎత్తు నాడు, తీసిన ముక్క అది. మల్లెపూలు గోపురంలా కట్టిన కరగ కుండను నెత్తిన నిలబెట్టుకుని, చేత్తో పట్టుకోకుండా, గుడి మెట్లు దిగుతున్నవాడు హరీశ్. వరూధిని మొగుడు. అతను కరగ ఎత్తడం ఇదే మొదటి ఏడు.

ఎత్తినవాడి పెళ్లాం ఆ కరగను కంటితో చూడకూడదు. చూస్తే అది అతని నెత్తిన నిలవదు. ఆ ఇంట్లో తరతరాల నమ్మకం. వ్రతం పట్టిన రోజునే వరూధిని తాళి, గాజులు అతనికి ఇచ్చేశారు. కరగ ఎత్తినంతకాలం అతనే అమ్మవారు కదా, అవి అతని ఒంటిమీదే ఉండాలి. అప్పట్నుంచీ అతను గుడిలో, ఈమె ఇంట్లో. ఒక మాటా లేదు, ఒక ఫోనూ లేదు.

“ఏమైంది అత్తమ్మా?” అంది గోడతోనే మాట్లాడుతున్నట్టు.

“ఏమైందా? నా కొడుక్కి ముఖమే లేదు! నెత్తిన పూలుండాయి, కింద పసుపు చీర ఉండాది, నడాన అంతా మసి! మీ ఆఫీసోళ్ల పనేనా ఇది?” అని అరిచింది మునిలక్ష్మి.

“టీవీ పాతది గదా, అందుకే అట్ల వస్తా ఉండాదేమో,” అన్నాడు మామగారు మునినారాయణప్ప, రిమోట్ నొక్కుతూ.

“మనదీ పాతదే, ఈ వీదిలో అందరిదీ పాతదే! అందరికీ ముఖం లేని కరగని చూపిస్తారా? మంచి శకునం గాదు ఇది, చెప్తా ఉండా.”

వరూధిని గోడకు ఇంకాస్త దగ్గరగా జరిగింది. ఎందుకంటే అది నిజంగా వాళ్ల ఆఫీసు పనే. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, వరూధిని పనే.

మహదేవపురలోని ఆమె కంపెనీ టీవీ ఛానెళ్లకు హెచ్‌డీఆర్ ప్రసార వ్యవస్థలు తయారు చేస్తుంది. దీపపు వత్తి మంట దగ్గర్నుంచి దాని నీడ దాకా, కన్ను చూసినంతా చూపించే బొమ్మ అది. కాకపోతే అంత వెలుగు చూపించే ఖరీదైన టీవీలు ఎన్నిళ్లలో ఉంటాయి? అందుకే అదే బొమ్మను మామూలు టీవీలకు సరిపడా కుదించాలి. బిందెడు నీళ్లు చెంబులో పట్టించే పని. ఏం ఉంచాలో, ఏం ఒలకబొయ్యాలో యంత్రమే నిర్ణయించుకునేట్టు వరూధిని రెండేళ్లు కూర్చుని తయారు చేసింది. దాన్ని మొట్టమొదట వాడబోయేది సొంత మొగుడి కరగ మీదే అని తెలిసినప్పుడు ఎంత మురిసిపోయింది! మురిసిపోయిన మనిషి ఇప్పుడు గోడకేసి నిలబడింది.

“అత్తమ్మా, నేను అడిగినదానికి చెప్పండి. పూలు ఎలా ఉన్నాయి? ముద్దగా తెల్లగా ఉన్నాయా, విడివిడిగా కనిపిస్తున్నాయా?”

“పూలకేమి, మొగ్గ మొగ్గా కనపడతా ఉండాది.”

“వెనకాల ఆకాశం?”

“నీలంగా ఉండాది.”

“గుడి గోపురం?”

“అదీ నల్లబడె. ఏమ్మా, డాక్టరు మాదిరి అడుగుతా ఉండావే! రోగం తెలిసిందా?”

తెలిసింది. ఫ్లడ్‌లైట్ల కింద మల్లెపూలు ధగధగలాడిపోతుంటే, ఆ తెలుపు పాడవకూడదని యంత్రం బొమ్మ మొత్తాన్ని కిందికి లాగేసింది. పూలు దక్కాయి, ముఖం మునిగిపోయింది. ఆఫీసులో ఎన్ని పరీక్షలు చేశారు! పాటల కార్యక్రమాలు, కబడ్డీ పోటీలు, పెళ్లి మండపాలు. ముఖానికి జానెడు పైన అంత తెల్లని పూల గుట్ట పెట్టుకుని నడిచే మనిషి ఒకడుంటాడని, కరగ ఇంటి కోడలై ఉండి, ఆమెకే తట్టలేదు. మొన్న పచ్చికరగ నాడేమో ఆమె చూడకూడదు. ఆమె కింద కొత్తగా చేరిన జెస్సీ ఖరీదైన మానిటర్‌లో చూసి ‘సూపర్ మేడమ్’ అంది. మామూలు టీవీలో ఎలా ఉందో చూసిన నాథుడు లేడు.

ఫోన్ మోగింది. ఆఫీసులో ఆమె పైవాడు లలిత్.

“వరూ, ప్రోమో చూశావా? అదే, సారీ, నువ్వు చూడకూడదు కదా. ఫేస్ మొత్తం బ్లాక్! ఛానెల్ వాళ్లు నన్ను వాయించేస్తున్నారు.”

“తెలిసింది లలిత్ గారూ. ఆటో మోడ్ తీసేయండి. మాన్యువల్‌లో పెట్టండి. పూలు కొంచెం కలిసిపోయినా పర్వాలేదు, ముఖం నిలబెట్టాలి.”

“ఎవరు నిలబెడతారు? పొద్దు వాలేకొద్దీ లైట్ మారిపోతుంటుంది. నాబ్ మీద చెయ్యి తియ్యడానికి లేదు. జెస్సీ చేరి నిండా నెల కాలేదు. నువ్వు రావాలి.”

“నేను చూడకూడదండీ.”

“టెక్నికల్‌గా చూడకూడదా, సెంటిమెంటల్‌గానా?”

“మా ఇంట్లో రెండూ ఒకటే,” అని ఫోన్ పెట్టేసింది.

అన్నదే గానీ, తను నమ్ముతుందా? తెనాలిలో పుట్టి పెరిగిన పిల్ల. కరగ అంటే ఏమిటో పెళ్లి దాకా తెలియదు. నమ్మదు. నమ్మదు గానీ, ఇందాక గోడవైపు తిరిగింది కదా! తిరగమని ఎవరూ చెప్పలేదు. హరీశ్ మెడ ఆ బరువుకు ఓర్చుకుంటుందా, మెట్ల మీద అడుగు తడబడుతుందా అని వ్రతం మొదలైనప్పట్నుంచీ కంటిమీద కునుకు లేదు. ఏదైనా జరిగితే, ఆ జరిగినదానికి తన చూపు కారణం కాకూడదు. ఆ ఒక్కటే ఆమె కోరిక.

హాల్లో టీవీ ఆపేశారు. ఆపేశారని నమ్మకం కుదిరాక వరూధిని గోడ వదిలి ఇటు తిరిగింది. మునిలక్ష్మి చాప మీద కూర్చుని మల్లెమొగ్గలు గిల్లుతోంది. తల ఎత్తలేదు.

“అత్తమ్మా, నేను సాయంత్రం వెళ్లాలి.”

“యాడికి?”

“గుడి ఎదురుగా స్కూల్ దగ్గర మా వ్యాన్ ఉంటుంది కదా. అక్కడికి.”

మొగ్గలు గిల్లే చేతులు ఆగిపోయాయి.

“నీకేమన్నా తలకాయ చెడిందా?” అంది మునిలక్ష్మి నెమ్మదిగా. అరిచి ఉంటే బాగుండేది. “సుమ్మనే లోపలి రూములో తలుపేసుకుని కూచో. నేను కూచోలేదా? ఈయన కరగ ఎత్తినన్నాళ్లూ నేను గోడ చూస్తానే కూచున్నా. వీదిలో డోలు కొడతా ఉంటే చెవులతో విన్నా. ఒక్కతూరి గూడా కంటితో చూసింది లేదు. తల్లిగా చూడొచ్చు, పెళ్లాం మాత్రం చూడగూడదంటారు. ఈ ఏడన్నా నా కొడుకుని చూస్తానని కాసుకోనుంటే, మీ టీవీలో వానికి ముఖమే లేదు!”

చివరి మాటకు ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కొంగుతో తుడుచుకోలేదు కూడా.

“ఆ ముఖం కనబడాలనే వెళ్తానంటున్నాను. నేను బొమ్మ చూడను, ఒట్టు. మా దగ్గర ఇంకో తెర ఉంటుంది. దాంట్లో మనుషులుండరు, గుడి ఉండదు. వెలుగు ఎంతుందో చెప్పే గీతలు మాత్రమే ఉంటాయి. ఈసీజీ ఉంటుంది చూడండి, అలాగ. ఆ గీత చూసి నాబ్ తిప్పుతాను. బొమ్మకి వీపు పెట్టి కూర్చుంటాను.”

“గీత యాడినుంచి వస్తాది? వాని మీదనుంచేగదా?”

వరూధిని చాప పక్కన పడిన మొగ్గొకటి ఏరి అత్తగారి ఒడిలో వేసింది.

“ఇంకొకటి. పూలు కలిసిపోయినా పర్వాలేదని ఫోన్లో అంటివే, విన్నాలే. ఆ పూలంటే ఎవరనుకుంటివి? అమ్మవారు గాదా? ఆమెని ముద్ద చేసి పెడతావా?”

“రెండూ పూర్తిగా దక్కవు అత్తమ్మా, మామూలు టీవీలో. ఒకటి కొంచెం వదులుకోవాలి.”

“అయ్యో, అమ్మవారిని వదులుకునేది గూడా వచ్చి పడెనా ఈ ఇంటికి!”

“ఏయ్, ఆపండి గలాటా,” అన్నాడు మునినారాయణప్ప. తుంటి నొప్పితో ఆయన కరగ దించేసి కొడుకు నెత్తిన పెట్టినప్పట్నుంచీ ఇంట్లో పెద్దగా మాట్లాడడం మానేశాడు. “నీకేమి కావాల చెప్పు, మునీ. పూలు కనపడాల్నా, పిల్లోని ముఖం కనపడాల్నా?”

మునిలక్ష్మి నోరు తెరిచింది. మూసుకుంది. ఒడిలో మొగ్గల్ని అటూ ఇటూ కదిపింది. బయట కూరగాయల బండివాడు మైకులో ఏదో అరుచుకుంటూ వెళ్లిపోయాడు.

“ముఖం,” అంది చిన్నగా. అనేసి వెంటనే చెంపలు వేసుకుంది.

మునినారాయణప్ప కోడలి వైపు తిరిగాడు. “పోమ్మా. గీత చూడు, తప్పులేదు. టైలరు టేపు చూసుకుంటాడు గాని మనిషిని చూస్తాడా? అయితే ఒక మాట. ఆ గీతలో మనిషి కనపడినాడంటే మాత్రం, ఉన్నదున్నట్ల వదిలేసి లేచి వచ్చెయ్యాల. సరేనా?”

“గీతలో మనిషి కనబడడు మామయ్యా,” అంది వరూధిని. నమ్మే అంది.

“నేనూ వస్తా,” అంది మునిలక్ష్మి. “దీని కండ్లకి కావలి నేను.”

పొద్దు వాలుతుండగా అత్తాకోడళ్లిద్దరూ స్కూల్ గోడ పక్కనున్న ప్రసారాల వ్యాన్ ఎక్కారు. లోపల ఏసీ చలికి మునిలక్ష్మి కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది. కుడి గోడంతా బొమ్మల తెరలు. వాటి ముందు జెస్సీ కూర్చుంది, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని. ఎడమ గోడకు గీతల తెర ఒక్కటే. వరూధిని బొమ్మలకు వీపు పెట్టి దాని ముందు కూర్చుంది. మునిలక్ష్మి మధ్యలో స్టూలు వేసుకుంది, బొమ్మలవైపు ముఖం పెట్టి, ఒక చెయ్యి మాత్రం వెనక్కి చాచి కోడలి భుజం మీద వేసి. తల తిప్పితే తెలిసిపోవాలని.

“జెస్సీ, మామూలు టీవీలో వెళ్లే బొమ్మే చూడు. నాకేమీ వర్ణించొద్దు. ముఖం బాగుందా లేదా, అంతే.”

“ఓకే మేడమ్.”

నల్లటి తెర మీద ఆకుపచ్చ గీతలు వణుకుతున్నాయి. పైకి లేచే గుట్ట పూలది. మధ్యలో పలచగా అల్లాడే పట్టీ ముఖానిది. గీత ఎంత పైకుంటే అంత వెలుగు. ఎడమ కుడి మాత్రం బొమ్మలో ఎడమ కుడే. ఈ చివరి ముక్క మామగారికి చెప్పాలన్న ఆలోచనే వరూధినికి రాలేదు. రోజూ చూసే తెర! గాలి పీలుస్తున్నామని ఎవరైనా చెప్పుకుంటారా?

డోళ్లు మొదలయ్యాయి. వ్యాన్ రేకు అదిరింది. బయట జనం “గోవిందా!” అని ఒక్కసారిగా అరిచారు. గీతల తెర మీద పెద్ద గుట్ట లేచింది. మధ్య పట్టీ కిందికి జారిపోయింది.

“ఫేస్ డార్క్ మేడమ్! అస్సలు కనబడట్లేదు!”

వరూధిని నాబ్ తిప్పింది. గుట్ట కొస తెర పైకి వెళ్లి బల్లపరుపుగా అయిపోయింది. పూలు కలిసిపోయాయన్నమాట. తల్లీ క్షమించు అనుకుంది. తనే అనుకుందని గమనించి ఉలిక్కిపడింది. మధ్య పట్టీ మెల్లగా లేచింది, ఇంకొంచెం, ఇంకొంచెం.

“వచ్చింది మేడమ్! ఫేస్ వచ్చేసింది!”

భుజం మీది చెయ్యి బిగుసుకుంది.

“అప్పా హరీశా...” మునిలక్ష్మి గొంతులోంచి మాట గాలిలా వచ్చింది. “ఎంత బాగుండాడే! బొట్టు పెట్టుకోనుండాడు. నీ గాజులేసుకోనుండాడు. అచ్చం వాళ్ల నాయన మాదిరే... వాళ్ల నాయన్ని నేను చూడలేదు గానీ, ఇట్లనే ఉండుంటాడు.”

“వద్దు అత్తమ్మా, నాకు చెప్పొద్దు,” అంది వరూధిని. అంటూనే ఏడ్చేసింది. కళ్లు తుడుచుకోవడానికి కూడా నాబ్ వదల్లేదు.

వెలుగు తగ్గుతోంది. పట్టీ దిగుతోంది, ఆమె ఎత్తుతోంది. మళ్లీ దిగుతోంది, మళ్లీ ఎత్తుతోంది. చేతికి లయ కుదిరింది. పూల గుట్ట, దాని కింద ముఖపు పట్టీ, ఒకదాని నెత్తిన ఒకటి నిలువుగా, నిలకడగా. ఇన్నాళ్లలో మొదటిసారి ఆమెకు ఊపిరి సరిగా ఆడింది.

అప్పుడు గుట్ట కదిలింది.

మొదట కెమెరా కదిలిందనుకుంది. కెమెరా కదిలితే పట్టీ కూడా కదలాలి. పట్టీ ఉన్నచోటే ఉంది. గుట్ట ఒక్కటే ఎడమకు జరుగుతోంది, వెంట్రుకవాసి, మరో వెంట్రుకవాసి. పట్టీకి కుడిపక్కన ఖాళీ కనబడుతోంది.

“సూపర్ మేడమ్, ఫేస్ చాలా బాగుంది,” అంది జెస్సీ. పాపం, ఆమె ముఖమే చూస్తోంది. చూడమన్నది అదే కదా.

వరూధిని టాక్‌బ్యాక్ మీట నొక్కి కెమెరా దగ్గరున్న మంజునాథ్‌ను గట్టిగా కేకేసింది. “మంజునాథ్! కరగ ఎడమకి వాలుతోంది! పక్కనున్న వీరకుమారులకి చెప్పు, నడక ఆపమను! వెంటనే!”

కత్తులు పట్టుకుని కరగ వెంట కాపుగా నడిచే వాళ్లు వీరకుమారులు. చెయ్యి వెయ్యకూడదు గానీ, ఆగమని చెప్పొచ్చు.

జెస్సీ కుర్చీ కిర్రుమంది. “జీసస్!” అంది.

బయట డోళ్లు ఆగిపోయాయి. అంత జనంలో ఒక్క గొంతూ లేదు.

“నీకెట్ల తెలిసె?” మునిలక్ష్మి వెనక్కి తిరగలేదు. ఆమె చూపు బొమ్మ మీదే ఉందని ఆ గొంతును బట్టే తెలుస్తోంది. “బొమ్మ చూస్తా ఉన్న నాకు తెలీలేదు. ఈ పిల్లకి తెలీలేదు. నీకెట్ల తెలిసె వరూధినీ?”

వరూధిని గీతనే చూస్తోంది. గుట్ట పడిపోలేదు. నిలువుకూ రాలేదు. ఒక పక్కకు వాలి, అలాగే వణుకుతోంది. దాని కింద పట్టీ కూడా సన్నగా వణుకుతోంది. అది వెలుగు కాదు. అది హరీశ్ మెడ. అతను పళ్లు బిగించి ఆ బరువును ఆపుతున్నాడు. ఆమెకు అన్నీ తెలుస్తున్నాయి.

“గీతలో మనిషి కనపడినాడా?”

అబద్ధం చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా.

“కనబడ్డాడు అత్తమ్మా.”

ఉన్నదున్నట్టు వదిలేసి లేచి వచ్చెయ్యాలన్నాడు మామగారు. లేస్తే నాబ్ వదలాలి. పొద్దు కుంకుతోంది. వదిలిన మరుక్షణం ఊరందరి టీవీల్లో, ఇంట్లో ఒంటరిగా కూర్చున్న ఆ పెద్దాయన టీవీలో, హరీశ్ ముఖం మళ్లీ మసి అయిపోతుంది. కూర్చుంటే అతన్ని చూస్తూనే ఉండాలి.

గుట్ట ఇంకో వెంట్రుకవాసి జరిగింది.

భుజం మీదున్న అత్తగారి చెయ్యి కిందికి దిగి ఆమె మణికట్టును పట్టుకుంది, గట్టిగా, గోళ్లు దిగేలా. ఆ చెయ్యి తనను లేవమంటోందో, కదలొద్దంటోందో వరూధినికి అర్థం కాలేదు.